రోబో ఫోటోతో పాటు సర్జన్ అనుభవం కూడా వెయ్యండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపర్ ఆరోగ్యం పేజీలో ఈ మధ్య వరసగా రోబోటిక్ సర్జరీ వార్తలు వస్తున్నాయి, ముఖ్యంగా ఆడవాళ్ళకి వచ్చే గర్భసంచి క్యాన్సర్, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ లాంటివాటికి రోబోతో ఆపరేషన్ చేశారు, చిన్న చిన్న కోతలే, రక్తం పెద్దగా పోలేదు, రెండో రోజే ఇంటికి పంపించేశారు అని. అవేమీ అబద్ధాలు కావు. నేను హైదరాబాద్‌లో మత్తు డాక్టర్ని, గైనిక్ క్యాన్సర్ ఆపరేషన్లకి మత్తు ఇస్తూ చాలా ఏళ్ళ నుంచి పని చేస్తున్నా, రోబో వచ్చాక పేషెంట్లు ఎంత తొందరగా లేచి తిరుగుతున్నారో రోజూ చూస్తున్నా. గానీ ఆ వార్తల్లో మెషిన్ ఫోటో ఉంటది, దాని ధర ఉంటది, రిబ్బన్ కట్ చేసిన పెద్దమనుషులు ఉంటారు, ఆ మెషిన్ ముందు కూర్చునే డాక్టర్ ఎక్కడ నేర్చుకున్నారు, ఇప్పటిదాకా ఎన్ని చేశారు, వాళ్ళ చేతిలో ఆపరేషన్ అయిన పేషెంట్లు అయిదేళ్ళకి ఎలా ఉన్నారు అన్నదాని మీద మాత్రం ఒక్క లైన్ కూడా ఉండదు. దాని గురించే ఈ ఉత్తరం. పొడుగైంది, అయినా కుదించకుండా వెయ్యమని రిక్వెస్ట్.

ఆపరేషన్ ముందు రోజు పేషెంట్‌ని చూడ్డానికి వార్డుకి వెళ్తే ఇంటివాళ్ళు అడిగే మొదటి మాట, "మేడం, మెషినే చేసేస్తదా, డాక్టర్ గారు దగ్గర ఉంటారా" అని. ఉంటారమ్మా, చేసేదంతా ఆయనే అని చెప్తా. రోబో తనంతట తాను ఏమీ చెయ్యదు. పేషెంట్ పొట్ట మీద నాలుగైదు చిన్న రంధ్రాల్లోంచి కెమెరా, పనిముట్లు లోపలికి పంపిస్తారు, సర్జన్ అదే గదిలో కొంచెం దూరంగా కన్సోల్ ముందు కూర్చుని, తల దాంట్లో పెట్టి, లోపలి భాగాలన్నీ త్రీడీలో పది రెట్లు పెద్దగా చూస్తూ, వేళ్ళతో పనిముట్లని, కాళ్ళ కింద పెడల్స్‌తో కెమెరానీ, కండని కోసి రక్తం ఆపే కరెంటునీ నడిపిస్తారు. అందరూ వాడే డావిన్సీ మెషిన్‌కి అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ 2000లో మొదటి అనుమతి ఇచ్చింది, గైనిక్ ఆపరేషన్లకి 2005లో. ఇప్పుడు గురుగ్రామ్‌లో తయారయ్యే ఎస్ఎస్ఐ మంత్ర అనే రోబో కూడా వచ్చింది, మన ప్రభుత్వ ఆసుపత్రి నిమ్స్‌లో 2023లో రోబో పెట్టారు, అంటే ఇది డబ్బున్నవాళ్ళ వైద్యం అనుకునే రోజులు పోతున్నాయి. అందుకే ఎవరు ఎలా నేర్చుకుంటున్నారు అన్నది ఇప్పుడే అడగాలి, ఇంకో పదేళ్ళకి కాదు.

అసలు ఇందులో నేర్చుకోవాల్సింది ఏముంది, వాళ్ళు ఆల్రెడీ సర్జన్లే కదా అని చాలామంది అనుకుంటారు. పొట్ట కోసి చేసే ఓపెన్ ఆపరేషన్‌లో కండ గట్టిగా ఉందా మెత్తగా ఉందా, దారం ఎంత లాగితే తెగుతది అన్నది చేతికే తెలుస్తది. రోబోలో ఆ స్పర్శ లేదు. 2024లో వచ్చిన డావిన్సీ 5లో కొంతవరకు బలం తెలిసే ఏర్పాటు పెట్టారు గానీ అంతకు ముందు మోడల్స్‌లో అది లేదు. కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ళు గర్భసంచి తీసేశాక యోని పైభాగాన్ని కుట్టి మూసేటప్పుడు చూస్తే అర్థమవుతది, ముడి బిగిస్తుంటే దారం టప్‌మని తెగుతది, ఇంకో దారం అడుగుతారు, అదీ తెగుతది, పేషెంట్ పక్కన ఉన్న స్టాఫ్ నర్స్ ఏమీ మాట్లాడకుండా మూడోది అందిస్తది. చెయ్యి తిరిగిన సర్జన్ అదే ముడి వేసేటప్పుడు దారం చుట్టూ కండ రంగు మీదే కన్నేసి ఉంచుతారు, కొంచెం తెల్లబడిందంటే అక్కడితో ఆపేస్తారు. ఇన్నాళ్ళూ చేతికి తెలిసిందంతా ఇప్పుడు కంటితో పట్టుకోవాలి. ఇది పుస్తకం చదివితే రాదు, వేరేవాళ్ళు చేస్తుంటే చూస్తే కూడా రాదు.

పైగా క్యాన్సర్ ఆపరేషన్ అంటే మామూలు గర్భసంచి తీసెయ్యడం కాదు. ముఖద్వారం క్యాన్సర్‌కి చేసే రాడికల్ హిస్టరెక్టమీలో గర్భసంచితో పాటు చుట్టుపక్కల కణజాలం కూడా తియ్యాలి, కిడ్నీ నుంచి మూత్రం తెచ్చే యురేటర్ సరిగ్గా అక్కడే ముఖద్వారానికి రెండు సెంటీమీటర్లు కూడా లేని దూరంలో, గర్భసంచి రక్తనాళం కిందుగా పోతది. దాన్ని గుర్తుపట్టి, ఎక్కడా కాలకుండా తెగకుండా పూర్తిగా విడదీసి పక్కకి జరపాలి. తెలిసిన సర్జన్లు అక్కడ చెయ్యి ఆపి ఒక్క క్షణం ఎదురుచూస్తారు, అది వానపాములా ఒకసారి మెలిక తిరుగుతది, అప్పుడు గానీ ముందుకెళ్ళరు. కొత్తవాళ్ళకి ఆ ఓపిక ఉండదు, ఎందుకంటే టైమ్ అయిపోతోందని కంగారు. అక్కడ కరెంటు వేడి తగిలిందా, ఆ రోజు ఏమీ తెలియదు, వారం పది రోజులకి మూత్రం లీకవడం మొదలవుతది.

మరి సరైన పద్ధతిలో నేర్చుకోవడం అంటే ఎలా ఉంటది? మొదట సిమ్యులేటర్. కన్సోల్ ముందు కూర్చుని స్క్రీన్ మీద రింగులు తీసి కొక్కాలకి తగిలించడం, సూది ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చడం, కెమెరా జరపడం, ఇలాంటివే, కానీ అది ప్రతిదానికీ మార్కులు వేస్తది, ఎంత టైమ్ పట్టింది, చెయ్యి ఎంత అనవసరంగా తిరిగింది, పనిముట్టు కెమెరాకి కనపడకుండా ఎన్నిసార్లు పోయింది, ఎక్కడ ఎక్కువ బలం పెట్టారు అని. ఇన్ని గంటలు కూర్చున్నారని కాకుండా ఇంత స్కోరు వరసగా తెచ్చుకుంటేనే తర్వాతి మెట్టు అని పెట్టినచోట నిజంగా తేడా కనపడతది. ఆ తర్వాత జంతువుల కణజాలం మీదో, దానం చేసిన భౌతికకాయాల మీదో ప్రాక్టీస్. ఆ తర్వాత కూడా వెంటనే కన్సోల్ కాదు, పేషెంట్ పక్కన అసిస్టెంట్‌గా నిలబడాలి. రంధ్రాలు ఎక్కడ పెడితే రోబో చేతులు ఒకదానికొకటి తగలవు, డాకింగ్ (రోబో చేతుల్ని ఆ రంధ్రాల దగ్గర తగిలించడం) ఎలా చెయ్యాలి, పనిముట్లు ఎలా మార్చాలి, రక్తం వస్తే సక్షన్ ఎక్కడ పెట్టాలి అన్నది అక్కడే వస్తది. ఈ మెట్టు దాటేసి నేరుగా కన్సోల్ ఎక్కినవాళ్ళని నేను వెంటనే గుర్తుపడతా, చెయ్యి ఆడకపోతే కారణం పొట్ట మీద బయట రెండు చేతులు గుద్దుకోవడమని వాళ్ళకి తట్టదు, లోపలే వెతుకుతుంటారు.

కన్సోల్ మీద కూర్చున్నాక కూడా ఆపరేషన్ మొత్తం ఇవ్వరు. ముక్కలు ముక్కలుగా ఇస్తారు. ముందు పొర తెరవడం, తర్వాత మూత్రాశయాన్ని కిందికి దించడం, తర్వాత కుట్లు, ఆ తర్వాత ఎప్పటికో రక్తనాళాలు, యురేటర్, క్యాన్సర్ పాకే లింఫ్ నోడ్స్ అనే చిన్న గ్రంథులు. రెండు కన్సోళ్ళు ఉన్నచోట గురువు గారు రెండోదాంట్లో కూర్చుని అదే బొమ్మ చూస్తుంటారు, అవసరమైతే ఒక్క బటన్‌తో పనిముట్లు తన చేతిలోకి తీసుకుంటారు. యూరప్‌లో గైనిక్ రోబోటిక్ సర్జన్ల సొసైటీ సెర్గ్స్ ఇలాగే మెట్లు మెట్లుగా కోర్సు పెట్టింది, చివర్లో ఆపరేషన్ వీడియో చూసి మార్కులు వేస్తారు. ఆ మార్కులకి గేర్స్ అని ఒక కొలమానం వాడతారు, లోతు అంచనా, రెండు చేతుల సమన్వయం, పొదుపుగా కదలడం, బలం అదుపు, తనంతట తాను చెయ్యగలగడం, రోబో మీద పట్టు, ఈ ఆరూ చూస్తారు. మన దేశంలో కూడా మంచి ప్రయత్నాలు లేకపోలేదు, అమెరికాలో స్థిరపడిన మన తెలుగువాడు రాజ్ వట్టికూటి పెట్టిన ఫౌండేషన్ ఇక్కడి సర్జన్లకి రోబోటిక్ ఫెలోషిప్‌లు ఇస్తోంది, గైనిక్ ఆంకాలజీలో, అంటే ఆడవాళ్ళ క్యాన్సర్ వైద్యంలో మూడేళ్ళ ఎంసీహెచ్ అనే సూపర్ స్పెషాలిటీ కోర్సు ఉంది. గానీ ఫెలోషిప్ చేసినవాళ్ళూ కంపెనీ ట్రైనింగ్‌కి వెళ్ళి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళూ బయట బోర్డు మీద ఒకేలా కనపడతారు, రెండింటికీ తేడా పేషెంట్‌కి ఎలా తెలుస్తది?

ఎన్ని చేస్తే చెయ్యి తిరుగుతది అన్న ప్రశ్నకి ఒకే అంకె లేదు. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్‌కి, అంటే ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి చేసే ఆపరేషన్‌లో ఇరవై పాతిక కేసులకి టైమ్ ఒక దారికి వస్తదని కొన్ని స్టడీలు చెప్పాయి, రాడికల్ హిస్టరెక్టమీకి నెదర్లాండ్స్‌లో లెక్క వేస్తే అరవై దాకా వచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. కేసులు పెరిగేకొద్దీ ఇబ్బందులు తగ్గి, మధ్యలో మళ్ళీ కొంచెం పెరుగుతాయి, ఎందుకంటే ధైర్యం వచ్చాక బాగా లావుగా ఉన్నవాళ్ళని, ముందు సిజేరియన్లు అయి లోపల అతుక్కుపోయినవాళ్ళని కూడా తీసుకోవడం మొదలెడతారు. కాబట్టి నాకు ముప్ఫై అయ్యాయి, ఇక అయిపోయింది అనుకోవడానికి లేదు.

ఇంకా ముఖ్యమైనది ఇంకోటి. టైమ్ తగ్గడం, రక్తం తక్కువ పోవడం, తొందరగా ఇంటికెళ్ళడం, ఇవన్నీ ఆ వారంలో తెలిసిపోయేవి. క్యాన్సర్ మాత్రం తన జవాబు ఏళ్ళ తర్వాత చెప్తది. 2018లో వచ్చిన లాక్ ట్రయల్ దీనికి పెద్ద సాక్ష్యం. తొలి దశ ముఖద్వారం క్యాన్సర్ ఉన్న 631 మంది ఆడవాళ్ళని ప్రపంచంలో 33 ఆసుపత్రుల్లో రెండు గ్రూపులు చేసి, ఒకరికి ఓపెన్, ఒకరికి కీహోల్ అంటే చిన్న రంధ్రాల్లోంచి చేసే ఆపరేషన్ చేశారు, కీహోల్‌లో ఎక్కువ భాగం రోబో లేకుండా సర్జనే పనిముట్లు పట్టుకుని చేసే లాపరోస్కోపీ, ఆరో వంతు కన్నా తక్కువ రోబో. రెండూ సమానమని తేలుతదనే అందరూ అనుకున్నారు. నాలుగున్నరేళ్ళకి క్యాన్సర్ తిరగబెట్టకుండా ఉన్నవాళ్ళు ఓపెన్‌లో 96.5 శాతం, కీహోల్‌లో 86 శాతం. మూడేళ్ళకి బతికున్నవాళ్ళు ఓపెన్‌లో 99 శాతం, కీహోల్‌లో 93.8 శాతం. ట్రయల్ మధ్యలోనే ఆపెయ్యాల్సి వచ్చింది, గైడ్‌లైన్స్ మారిపోయాయి, రాడికల్ హిస్టరెక్టమీకి మళ్ళీ ఓపెనే ప్రామాణికం అన్నారు, 2019 ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ కూడా ఆడవాళ్ళ క్యాన్సర్ ఆపరేషన్లకి రోబో వాడేటప్పుడు జాగ్రత్త అని హెచ్చరిక ఇచ్చింది.

ఆ ట్రయల్‌లో పాల్గొనడానికి కనీసం పది కీహోల్ కేసుల వివరాలు, ఎడిట్ చెయ్యని రెండు వీడియోలు ఇస్తే చాలన్నారు. పది ఎక్కడ, అరవై ఎక్కడ అని తర్వాత చాలామంది అడిగారు. అదొక్కటే కారణం అని నేను అనను, గర్భసంచిని కదిపే మానిప్యులేటర్ గడ్డని నలపడం, గడ్డ బయటపడేలా యోనిని లోపలే తెరవడం లాంటి కారణాలు కూడా ఉండొచ్చు. యూరప్‌లో సక్కర్ అనే స్టడీలో మానిప్యులేటర్ వాడనివాళ్ళలో, గడ్డ బయటపడకుండా ముందే యోనిని మూసేసినవాళ్ళలో తిరగబెట్టడం ఓపెన్‌తో దాదాపు సమానంగానే ఉందని చూశారు. అంటే చెయ్యి తిరగడం ఒక్కటే కాదు, ఏ పద్ధతి నేర్చుకుంటున్నాం అన్నది కూడా లెక్కే, తప్పు పద్ధతిని ఎంత వేగంగా చేసినా తప్పే.

డెన్మార్క్‌లో దేశం మొత్తం ఓపెన్ నుంచి రోబోకి మారినప్పుడు ముఖద్వారం క్యాన్సర్ తిరగబెట్టడం పెరగలేదని వాళ్ళ లెక్కలు చెప్పాయి. వాళ్ళ దగ్గర ఈ ఆపరేషన్లు కొన్ని పెద్ద కేంద్రాల్లోనే జరుగుతాయి, ఒక్కో సర్జన్‌కి కేసులు చేతి నిండా ఉంటాయి, 2005 నుంచి గైనిక్ క్యాన్సర్ పేషెంట్ల వివరాలు దేశవ్యాప్త రిజిస్టర్‌లోకి ఎక్కుతున్నాయి. కాబట్టి వాళ్ళకి తెలుసు ఏం జరిగిందో. రోబోని విడిగా తేల్చడానికి 2019లో స్వీడన్ వాళ్ళ ఆధ్వర్యంలో రాక్ అనే ట్రయల్ కూడా మొదలైంది.

ఇది చదివి ఎవరూ రోబో అంటే భయపడకూడదు. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌లో సంగతి వేరే. అమెరికాలో 2,600 మందికి పైగా ఆడవాళ్ళ మీద జరిగిన ల్యాప్2 ట్రయల్‌లో కీహోల్‌తో చేసినా క్యాన్సర్ ఫలితంలో పెద్ద తేడా రాలేదు, గానీ లాపరోస్కోపీ మొదలెట్టి నాలుగో వంతు మందికి మధ్యలో పొట్ట తెరవాల్సి వచ్చింది. ఈ క్యాన్సర్ బరువు ఎక్కువున్నవాళ్ళకి ఎక్కువగా వస్తది, అలాంటి పొట్టలో మామూలు లాపరోస్కోపీ కష్టం, అక్కడ రోబో నిజంగా వరం, నేను కళ్ళారా చూసిందే. ఆకుపచ్చ రంగు ఎక్కించి మొదటి లింఫ్ నోడ్‌ని వెతికి తీసే పద్ధతి కూడా రోబోలో బాగా కుదురుతది. 2017లో వచ్చిన ఫైర్స్ స్టడీలో మొదటి నోడ్ దొరికినవాళ్ళలో ఆ పద్ధతి నోడ్స్‌కి పాకిన క్యాన్సర్‌ని 97.2 శాతం మందిలో పట్టుకుంది, కానీ రెండు వైపులా నోడ్ దొరికింది సగం మందికి కాస్త పైగా మాత్రమే. అక్కడా చెయ్యే ముఖ్యం.

మత్తు డాక్టర్‌గా నాకు కనపడేది ఇంకో కోణం. ఈ ఆపరేషన్‌కి పేషెంట్ తల కిందికి పాతిక ముప్ఫై డిగ్రీలు వంచి పెడతాం, పొట్టలో గ్యాస్ నింపుతాం, డాకింగ్ అయ్యాక మామూలుగా టేబుల్ కదపడానికి లేదు. అనుభవం ఉన్న సర్జన్ అయితే రెండు మూడు గంటల్లో అయిపోతది, కొత్తవాళ్ళకి అయిదారు గంటలు. ఆ అయిదారు గంటలూ ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పెరుగుతా ఉంటది, ముఖం, కళ్ళు ఉబ్బుతాయి, బీపీ షుగర్ ఉన్న అరవై ఏళ్ళ అమ్మకి అది చిన్న విషయం కాదు. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో కొత్త మెషిన్ వచ్చిన మొదటి నెలల్లో ఒక సర్జన్ కన్సోల్ మీద కూర్చుంటే కంపెనీ మనిషి పక్కన నిలబడి ఏ పెడల్ నొక్కాలో చెప్తుండేవారు, అనుభవం ఉన్న ఇంకో సర్జన్ గదిలో లేరు. ఆ పేషెంట్‌కి, ఆమె కొడుక్కి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, రోబో అంటే బెస్ట్ అని మాత్రమే చెప్పారు. నేను పైవాళ్ళకి రాసి ఇచ్చా, జవాబు రాలేదు, కొన్నాళ్ళకి అక్కడ మానేశా. ఆ అమ్మ బాగానే ఇంటికెళ్ళింది, గానీ ఆమెకి చెప్పాల్సింది చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

టీమ్ గురించి కూడా ఎవరూ రాయరు. పెద్ద రక్తనాళం తెగితే రోబో చేతులు తీసేసి పొట్ట తెరవడానికి నిమిషాలే ఉంటాయి. ఎవరు చేతులు విడదీస్తారు, ఎవరు కత్తి అందిస్తారు, రక్తం ఎవరు తెస్తారు, సర్జన్ చేతులు కడుక్కుని టేబుల్ దగ్గరికి వచ్చేలోపు రక్తనాళాన్ని నొక్కి పట్టేదెవరు అన్నది ముందే డ్రిల్ చేసి ఉండాలి. ఇప్పుడు నేను పనిచేసేచోట అది రెగ్యులర్‌గా చేస్తాం, స్టాఫ్ నర్సులే మాకన్నా ఫాస్ట్. సర్జన్‌కి ఎంత అనుభవం ఉన్నా రోజుకో కొత్త నర్స్ వస్తుంటే లాభం లేదు.

వెయ్యి మందిని చంపితే అర వైద్యుడు అని మన దగ్గర ఒక మొరటు సామెత ఉంది. సిమ్యులేటర్లు, రెండు కన్సోళ్ళు, వీడియో మార్కులు ఇన్ని వచ్చాక కూడా ఆ సామెత నిజం కాకూడదు. ప్రతి సర్జన్‌కీ మొదటి కేసు ఒకటి ఉంటది, ఉండాలి, లేకపోతే రేపటి సర్జన్లు ఎక్కడి నుంచి వస్తారు, ఆ మొదటి కేసు పక్కన గురువు ఉండాలి, పేషెంట్‌కి తెలిసి ఉండాలి, అంతే నేను అనేది. మన దేశంలో ఏటా లక్షా ఇరవై వేల మందికి పైగా ఆడవాళ్ళకి ముఖద్వారం క్యాన్సర్ వస్తోంది, చాలామంది ముదిరాక వస్తారు, వాళ్ళకి ఆపరేషన్ కాదు, రేడియేషన్, కీమోనే. తొలి దశలో దొరికి ఆపరేషన్‌తో నయమయ్యే అదృష్టం ఉన్న కొద్దిమందికైనా ఆ ఆపరేషన్ సరైన చేతుల్లో జరగాలి కదా.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో రోబో తయారుచేసిన కంపెనీ ప్రమాదాల గురించి డాక్టర్‌కి చెప్తే సరిపోదు, మెషిన్ కొన్న ఆసుపత్రికి కూడా చెప్పాల్సిందే అంది, ఎందుకంటే ఏ డాక్టర్‌ని దాని మీద కూర్చోబెట్టాలో తేల్చేది ఆసుపత్రే. అది ప్రోస్టేట్ ఆపరేషన్ కేసు, పక్కన గురువు లేకుండా ఆ సర్జన్ చేసిన మొదటి రోబోటిక్ కేసు అది. మన దగ్గర కూడా ఆ బాధ్యత ఆసుపత్రి మీద రాసి పెట్టాలి. రెండు రాష్ట్రాల ఆరోగ్య శాఖలకీ, మెడికల్ కౌన్సిళ్ళకీ నేను అడిగేది ఇది, రోబోతో క్యాన్సర్ ఆపరేషన్ చేసే ప్రతి సర్జన్ మొదటి కేసులు గురువు సమక్షంలో జరిగాయని రికార్డు ఉండాలి, ఏటా ఎన్ని చేశారో, ఎన్ని మధ్యలో ఓపెన్‌కి మారాయో, ఎంతమందికి తిరగబెట్టిందో ఆసుపత్రి వెబ్‌సైట్‌లో పెట్టాలి, అయిదేళ్ళ పాటు పేషెంట్‌ని ఫాలో అవ్వాలి. ప్రభుత్వ డబ్బుతో కొనే మెషిన్లకైతే ఇది టెండర్‌లోనే షరతుగా పెట్టొచ్చు, సిమ్యులేటర్, రెండో కన్సోల్ కూడా కొనకపోతే మెషిన్ కొనొద్దు.

చదివేవాళ్ళలో ఎవరింట్లోనైనా ఈ ఆపరేషన్ ఉంటే మొహమాటపడకుండా అడగండి. డాక్టర్ గారూ, ఈ రకం క్యాన్సర్‌కి మీరు సొంతంగా రోబోతో ఎన్ని చేశారు, మా అమ్మ స్టేజ్‌కి ఓపెన్ మంచిదా ఇది మంచిదా, ఎందుకు, మధ్యలో తెరవాల్సి వస్తే ఎవరుంటారు అని. ఇన్సూరెన్స్ వాళ్ళని కూడా ముందే అడగండి, రోబోటిక్ సర్జరీకి విడిగా లిమిట్ పెట్టిన పాలసీలు చాలా ఉన్నాయి, డిశ్చార్జ్ రోజు తెలిస్తే ఏం చెయ్యలేరు. నాకు తెలిసిన మంచి సర్జన్లు ఎవరూ ఈ ప్రశ్నలకి కోప్పడరు, లెక్క చెప్తారు, కొందరైతే మీకు ఓపెనే మంచిదని వాళ్ళే చెప్పి పంపిస్తారు.

మీ పేపర్‌కి నా విన్నపం కూడా చిన్నదే. ఈసారి రోబో వార్త రాసేటప్పుడు మీ రిపోర్టర్‌ని ఆ సర్జన్ కేసుల సంఖ్య, ట్రైనింగ్ ఎక్కడ, తిరగబెట్టిన లెక్క ఎంత అని అడగమనండి, చెప్తే వెయ్యండి, చెప్పకపోతే అడిగాం చెప్పలేదు అని వెయ్యండి.

ఇట్లు,
ఒక మత్తు డాక్టర్,
హైదరాబాద్